కుక్క పళ్లకు గార పట్టింది, బ్రష్ చూస్తేనే గుర్రుమంటోంది. ఏం చేయాలి?

చెన్నై పెరంబూర్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. మా పామరేనియన్‌కి ఏడేళ్లు. ఈమధ్య ఒకటే నోటి కంపు, సోఫా మీద ఎవరూ పక్కన కూర్చోనివ్వట్లేదు పాపం. పైదవడలో వెనక పళ్లు పసుపు దాటి గోధుమరంగుకి వచ్చేశాయి. పిల్లల బ్రష్ కొని తోముదామంటే కరవడానికి వస్తోంది. మా అత్తగారేమో ఉప్పు, పళ్లపొడి కలిపి వేలితో రుద్దేయమంటున్నారు. డాక్టరు మత్తు ఇచ్చి స్కేలింగ్ (పరికరాలతో గార తీసి శుభ్రం చేయడం) చేయాలన్నారు, ఈ వయసులో మత్తంటే నాకు టెన్షన్‌గా ఉంది. గ్రూమింగ్ వాళ్లు మత్తు లేకుండానే గీకేస్తారట, అది చాలదా?

వేళచ్చేరి నుంచి జవాబు:
ముందు ఆ బ్రష్ పక్కన పెట్టేయండి. పాచి మెత్తగా ఉంటుంది, తోమితే పోతుంది. దాన్ని రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది, ఇక ఏ బ్రష్‌కీ రాదు. పైగా చిగుళ్లు వాచి ఉన్నప్పుడు బలవంతంగా తోమితే బ్రష్ అంటేనే నొప్పి అని దానికి గుర్తుండిపోతుంది, ఆ తర్వాత నోరు ముట్టుకోనివ్వడం కూడా కష్టమే. అందుకే ముందు స్కేలింగ్, చిగుళ్లు మానాకే బ్రష్.

గీకించడం నా లెక్కలో డబ్బు దండగ. పైకి కనిపించే గార పోయి పళ్లు తెల్లబడతాయి, కానీ అసలు జబ్బు ఉండేది చిగురు కింద, మెలకువగా ఉన్న కుక్క అక్కడ పరికరం పెట్టనివ్వదు, ఎక్స్‌రే తీయనివ్వదు. మత్తుకు ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు, లివర్ చూస్తారు, గుండె పరీక్షిస్తారు. ఇంకా భయంగా ఉంటే వేపేరిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉందిగా, అక్కడ రెండో మాట అడగండి.

అత్తగారికి మీరే సర్దిచెప్పుకోవాలి :) కుక్కకి ఉమ్మడం రాదు, వేసిందంతా మింగేస్తుంది. మన పేస్టు అసలు వద్దు. ఫ్లోరైడ్ సంగతి అటుంచితే కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కల రక్తంలో షుగర్‌ని ఒక్కసారిగా పడగొడుతుంది, లివర్‌నీ దెబ్బతీస్తుంది.

అణ్ణానగర్ నుంచి:
ఇంత హడావిడి ఎందుకండీ, మటన్ కొట్టులో ఒక బొమిక అడిగి తెచ్చి పడేస్తే అదే కొరికి శుభ్రం చేసుకుంటుంది.

వేళచ్చేరి నుంచి:
వద్దు సార్. ఉడికించిన ఎముక ముక్కలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది, గట్టి ఎముక వల్ల దవడ పన్నే చీలుతుంది. గోరు నొక్కితే గుంట పడనిది ఏదీ నమలడానికి ఇవ్వకండి.

పెరంబూర్ నుంచి:
సరే, స్కేలింగ్‌కే వెళ్తాం. తర్వాత తోమడం ఎలా?

వేళచ్చేరి నుంచి:
మొదటి వారం బ్రష్షే వద్దు. కుక్కల పేస్టు చికెన్ రుచిలో దొరుకుతుంది, వేలికి రాసి నాకనివ్వండి. తర్వాత అదే వేలితో పెదవి ఎత్తి పళ్ల మీద రాయండి, అది అలవాటయ్యాక మెత్తటి బ్రష్. నోరు తెరవక్కర్లేదు, బుగ్గ వైపు తోమితే చాలు, లోపలి వైపు చాలావరకు నాలుకే చూసుకుంటుంది. పైన వెనకున్న పెద్ద దవడ పన్నుకి లాలాజలం ఎక్కువగా తగులుతుంది కాబట్టి గార ముందు అక్కడే పడుతుంది, అక్కడ కాస్త ఎక్కువసేపు తోమండి. రోజూ అర నిమిషమైనా సరే, ఆదివారం ఒక్కరోజే పావుగంట తోమితే లాభం లేదు. అది విసుక్కోకముందే ఆపేసి మెచ్చుకోండి.

ఇంకో సంగతి, కంటి కింద బుగ్గ వాచినా, ఒక పక్కనే నములుతున్నా స్కేలింగ్ తేదీ దాకా ఆగొద్దు. వేరులో చీము పట్టి ఉండొచ్చు.

తాంబరం నుంచి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మా షిట్జూ కుక్కపిల్లకి ఏడు నెలలు, కోరపళ్లు ఒక్కోవైపు రెండేసి కనిపిస్తున్నాయి.

వేళచ్చేరి నుంచి:
పాలపన్ను ఊడకుండానే పక్కన అసలు పన్ను వచ్చేసింది. చిన్న జాతుల్లో ఇది మామూలే, కానీ ఆ సందులో తిండి ఇరుక్కుని పాచి పడుతుంది. ఈ వయసుకి ఊడాల్సినవే, ఈ వారమే డాక్టరుకి చూపించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే ఆ మత్తులోనే తీసేయమని అడగొచ్చు.