జనవరి 24, దైవవాక్కు ఆదివారం: వాక్యం టేబుల్ దగ్గర ఏం పెడదాం?

సమన్వయం చూస్తున్న అక్క:
మన డాలస్ తెలుగు కతోలిక సంఘంలో అందరికీ నమస్కారం. భోజనాలు, హాలు బుకింగ్ సంగతి వేరుగా మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇక్కడ వాక్యం టేబుల్ గురించే రాయండి. సామాన్యకాలపు (పూజా క్యాలెండర్లో పెద్ద పండుగల కాలాలు కాని మామూలు రోజుల) మూడవ ఆదివారాన్ని దైవవాక్కు ఆదివారంగా జరుపుకోవాలని పోప్ ఫ్రాన్సిస్ 2019 సెప్టెంబర్ 30న, పునీత జెరోము పండుగ నాడు, నిర్ణయించారు. 2027లో అది జనవరి 24న పడింది. ఆ రోజు తెలుగు పూజ అయ్యాక జనం ఎలాగూ హాల్లోకి వస్తారు. బైబిల్ చదవడానికి, అర్థం చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా ఏమేం దొరుకుతాయో ఈ టేబుల్ దగ్గర వాళ్లకు చూపించి, లింకులున్న ఒక చిన్న కార్డు ఇవ్వాలన్నది ఆలోచన.

ఒక్క మాట ముందే చెప్తాను. ముప్పై లింకులు అచ్చేసి పంచితే ఆ కాగితం కారులోనే ఉండిపోతుంది. నాలుగైదు చాలు. అవి కూడా మన వాలంటీర్ పక్కన నిలబడి, వాళ్ల ఫోన్లోనే తెరిచి, ఆ రోజు పఠనం (పూజలో చదివే బైబిల్ భాగం) చూపించాకే పంపిద్దాం.

పెద్దవాళ్ల బృందం తరఫున అన్నయ్య:
మంచి మాట చెప్పావమ్మా. పెద్దవాళ్ల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. చాలామంది ఫోన్లలో తెలుగు బైబిల్ యాప్ ఇప్పటికే ఉంది. అయితే అది ప్రొటెస్టెంట్ బైబిల్, అందులో 66 పుస్తకాలే ఉంటాయి. మన కతోలిక బైబిల్లో 73. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు అందులో కనపడవు. దానియేలు కూడా 12 అధ్యాయాలతో ఆగిపోతుంది. ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలంలో ఐదో వారం సోమవారం సూసన్న కథ చదువుతారు కదా, అది దానియేలు 13. మా అత్తగారు ఆ రోజు ఫోన్ పట్టుకుని ఎంత వెతికినా దొరక్క, చివరికి ఊరి నుంచి తెచ్చుకున్న పవిత్ర గ్రంథం (మన కతోలిక తెలుగు బైబిల్) తీసి చదువుకున్నారు. చావు పూజల్లో తరచూ చదివే "నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయి" అన్న భాగం కూడా జ్ఞానగ్రంథంలోదే. ఇంట్లో మనిషి పోయిన రోజున ఆ మాట కోసం వెతుక్కునేవాళ్లకు అది దొరక్కపోతే ఎంత బాధ!

అందుకే టేబుల్ దగ్గర మొదటి పని ఇదే పెట్టుకుందాం. ఎవరు ఏ యాప్ చూపించినా పుస్తకాల పట్టిక తెరిచి అందులో తోబీతు ఉందో లేదో చూడాలి. లేదంటే ఉన్న యాప్ తీసేయమని చెప్పొద్దు, పక్కన ఇంకొకటి పెట్టిద్దాం.

ఫోన్లు, క్యూఆర్ కోడ్లు చూసే తమ్ముడు:
అన్నయ్యా, ఇంగ్లీషు వరకూ అయితే ఆ టెన్షన్ అక్కర్లేదు. యూఎస్‌సీసీబీ, అంటే అమెరికా బిషప్పుల సమాఖ్య వెబ్‌సైట్‌లో న్యూ అమెరికన్ బైబిల్ రివైజ్డ్ ఎడిషన్ 73 పుస్తకాలూ అధస్సూచికలతో సహా ఉచితంగా చదువుకోవచ్చు. ఆ రోజు పఠనాలు క్యాలెండర్లో తేదీ నొక్కితే వచ్చేస్తాయి. చదివి వినిపించే ఆడియో ఉంది, ఈమెయిల్‌కి రోజూ పంపించే ఏర్పాటూ ఉంది. కళ్లజోడు లేకుండా చదవలేనివాళ్లకు ఆడియో చూపిస్తే చాలు, వాళ్లే పట్టేస్తారు. నా దృష్టిలో కార్డు మీద పైన ఉండాల్సింది ఇదే.

తెలుగులో వినాలంటే యూట్యూబ్‌లో కతోలిక చానెల్ దివ్యవాణి టీవీ పూజలు, కతోలిక రేడియో అయిన రేడియో వెరితాస్ ఆసియా తెలుగు విభాగం ఉన్నాయి. చలికాలంలో ఇక్కడ డాలస్‌లో శనివారం సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం ఆరు. ఆదివారం పఠనాలను ముందు రోజు సాయంత్రమే తెలుగులో విని, పొద్దున మన చర్చిలో ఇంగ్లీషులో వినొచ్చు. మామూలు ఆదివారాల్లో రెండుచోట్లా పఠనాలు ఒకటే. కొన్ని పండుగలకు మాత్రం తేడా వస్తుంది. జూలై 3, పునీత తోమాసు పండుగ ఇండియాలో మహోత్సవం, ఇక్కడ కాదు. కార్డు మీద ఈ సంగతి ఒక్క లైను రాస్తే ఎవరూ కంగారు పడరు.

సత్యోపదేశం చెప్పే టీచర్:
పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఫాదర్ మైక్ ష్మిట్జ్ "బైబిల్ ఇన్ ఎ ఇయర్" పాడ్‌కాస్ట్ గురించి. 2021 జనవరిలో మొదలైంది, 365 భాగాలు, అన్నీ ఉచితం. ఎప్పుడు మొదలుపెట్టినా ఒకటో రోజు నుంచే వినొచ్చు. ఆఫీసుకి డ్రైవ్ చేసేవాళ్లకు బాగా కుదురుతుంది. కానీ ఇంతవరకూ బైబిల్ అలవాటు లేని ఇంటికి దీన్ని మొదటే ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నియమాలే ఎక్కువగా ఉండే లేవీయకాండానికి వచ్చేసరికి మానేసిన కుటుంబాలు నాకు తెలుసు.

దానికి బదులు నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఆ ఆదివారం సువిశేషం (సువార్త పఠనం) మార్కు 1:14-20, యేసు జాలరులను పిలిచే ఘట్టం. మార్కు సువిశేషం మొత్తం 16 అధ్యాయాలే. జనవరి 25 సోమవారం మొదలుపెట్టి రోజుకు ఒక అధ్యాయం చదివితే ఫిబ్రవరి 9కి అయిపోతుంది. ఆ మర్నాడే తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం! క్యాలెండర్ చూసి లెక్క సరిపోయేసరికి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంటిల్లిపాదీ రాత్రి భోజనాలయ్యాక చదువుకోవచ్చు, పిల్లలు ఇంగ్లీషులో, పెద్దవాళ్లు తెలుగులో.

సమన్వయం చూస్తున్న అక్క:
టీచర్ గారూ, ఇది తప్పకుండా చేద్దాం. కార్డు వెనక వైపు పూర్తిగా ఇదే వేద్దాం, 16 గళ్లు, చదివిన రోజు టిక్కు పెట్టుకునేలా.

యువత బృందం నుంచి:
చదవడం సరే అక్కా, స్టడీ చేయాలనుకునేవాళ్లకూ ఏదైనా ఉండాలి. కాలేజీలో ఫ్రెండ్స్ ప్రశ్నలు అడిగితే మాకు జవాబు తెలియాలి కదా. వర్డ్ ఆన్ ఫైర్ అనే కతోలిక సంస్థ వాళ్లు రోజువారీ సువిశేషం మీద బిషప్ బ్యారన్ చిన్న ధ్యానాన్ని ఈమెయిల్‌లో ఉచితంగా పంపుతారు. ఇంకా లోతుగా కావాలంటే న్యూ అడ్వెంట్ సైట్‌లో సభా పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) రచనలు ఉన్నాయి. వాటికన్ సైట్‌లో సత్యోపదేశ గ్రంథంతో (కతోలిక బోధనలన్నీ ఉన్న పుస్తకంతో) పాటు, దైవవాక్కు గురించి రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన దేయి వెర్బుమ్ ఉంది. అది చిన్నదే, ఒక్క సాయంత్రంలో చదవొచ్చు. మా గ్రూపులో అందరితో అదే చదివిద్దామనుకుంటున్నాం.

ఒక జాగ్రత్త. ఉచితంగా దొరుకుతుంది కదా అని కొందరు డూయే-రీమ్స్ అనే పాత ఇంగ్లీషు కతోలిక బైబిల్ డౌన్‌లోడ్ చేసుకుంటారు. మంచిదే, కానీ కీర్తనల సంఖ్యలు వేరు. "ప్రభువే నా కాపరి" మనకు 23, అందులో 22. సమూయేలు మొదటి గ్రంథానికి కూడా అందులో రాజులు మొదటి గ్రంథం అని పేరుంటుంది. కొత్తవాళ్లకు దాన్ని మొదటే ఇస్తే తికమకపడతారు.

పెద్దవాళ్ల బృందం తరఫున అన్నయ్య:
ప్రింటింగ్ గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఉచితం అంటే మనం జిరాక్స్ తీసి పంచొచ్చని కాదు. ఇంగ్లీషు అనువాదానికీ, తెలుగు పవిత్ర గ్రంథానికీ హక్కులు ఉన్నాయి. ఎవరైనా స్కాన్ చేసిన పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపినా మన సంఘం పేరుతో ముందుకు పంపొద్దు. కార్డు మీద వచనాల సంఖ్యలు, క్యూఆర్ కోడ్ మాత్రమే వేద్దాం. అచ్చుకిచ్చే ముందు ఫాదర్‌గారికి ఒకసారి చూపించాలి.

సమన్వయం చూస్తున్న అక్క:
సరే, ఇలా అనుకుందాం. కార్డు ముందు వైపు నాలుగే: బిషప్పుల సమాఖ్య రోజువారీ పఠనాలు, తెలుగులో వినడానికి దివ్యవాణి టీవీ, ఏడాది పాడ్‌కాస్ట్, వర్డ్ ఆన్ ఫైర్ ధ్యానం. వెనక మార్కు 16 రోజుల పట్టిక. వాటికన్ సైట్, న్యూ అడ్వెంట్ యువత టేబుల్ మీద వేరే కాగితంలో ఉంటాయి.

తమ్ముడూ, క్యూఆర్ కోడ్లు పెద్ద సైజులో చేసి, పాత ఫోన్లలో కూడా తెరుచుకుంటున్నాయో లేదో చూడు. హాల్లో సిగ్నల్ సరిగా ఉండదు, వైఫై పాస్‌వర్డ్ పారిష్ ఆఫీసులో అడిగి పెట్టుకో. టీచర్ గారూ, పట్టిక తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మీరే రాసివ్వండి. అన్నయ్యా, ఇంట్లో పవిత్ర గ్రంథం ఉన్నవాళ్లను ఆ రోజు తీసుకురమ్మని చెప్పండి. ఫోన్ వద్దనుకునేవాళ్లు కూర్చుని చదువుకోవడానికి ఒక టేబుల్ ఖాళీగా ఉంచుదాం. ఆ టేబుల్ దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి, ఆ రోజు మొదటి పఠనమైన యోనా గ్రంథ భాగాన్ని తెలుగులో బయటికి చదవగలిగినవాళ్లయితే మరీ మంచిది. ఎవరు వస్తారో ఇక్కడే రాయండి.