అప్పు, ఎబిటా నిష్పత్తి: నా లెక్క ఎక్కడ తప్పింది?

కొత్త మదుపరి:
యాపిల్ అప్పు దాని ఎబిటాకు (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) ఎన్ని రెట్లో నేనే లెక్క వేస్తున్నాను. 2024 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరం తీసుకున్నాను. తరుగుదల లాభనష్టాల పట్టీలో విడిగా లేదు, నగదు ప్రవాహాల పట్టీలో దొరికింది. దాన్ని నిర్వహణ లాభానికి కలిపితే ఎబిటా 13,466 కోట్ల డాలర్లు. దీర్ఘకాలిక రుణం 8,575 కోట్లు. నాకు 0.64 వస్తోంది, వేరే చోట 0.79 అని చూశాను. రెండు రోజులుగా కుస్తీ పడుతున్నాను.

పట్టీల చదువరి:
ఆస్తి అప్పుల పట్టీలోనే కాస్త పైకి వెళ్లండి. స్వల్పకాలిక బాధ్యతల కింద కమర్షియల్ పేపర్ (కొద్ది నెలల గడువుతో తెచ్చే అప్పు పత్రాలు) 997 కోట్లు, ఏడాదిలోపు తీర్చాల్సిన రుణం 1,091 కోట్లు ఉన్నాయి. మూడూ కలిపితే 10,663 కోట్లు. ఇప్పుడు భాగించండి, 0.79 వస్తుంది. మొదట్లో నేనూ ఇలాగే పొరబడ్డాను. గడువు దగ్గరపడిన బాండు పై వరుసలోకి మారితే, కంపెనీ అప్పు తీర్చేసిందనుకున్నాను.

నిదానం:
నగదు తీసేయకుండా ఈ అంకెతో తీర్పు చెప్పకండి. అదే పట్టీలో నగదు, సెక్యూరిటీలు కలిపి 15,665 కోట్లు. అందులో 9,148 కోట్లు దీర్ఘకాలిక ఆస్తుల్లో కూర్చున్నాయి కాబట్టి తొందరలో చూస్తే కంటపడవు. వాటినీ లెక్కలోకి తీసుకుంటే నికర అప్పు, అంటే అప్పులోంచి నగదు తీసేస్తే మిగిలేది, సున్నా కన్నా కిందికి పోతుంది.

కొత్త మదుపరి:
అంత డబ్బు ఉండి అప్పు ఎందుకండి?

నిదానం:
2013 ఏప్రిల్‌లో 1,700 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మినప్పుడు అందరూ అడిగింది ఇదే. డబ్బులో ఎక్కువ భాగం విదేశాల్లో ఉండేది. అమెరికాకు తెస్తే అప్పటి చట్టం ప్రకారం 35 శాతం దాకా పన్ను. దానికన్నా చౌక వడ్డీకి అప్పు తెచ్చి డివిడెండ్లు ఇవ్వడం, వాటాలు తిరిగి కొనడం లాభసాటి.

బాండ్ల మనిషి:
యాపిల్ సులువైన ఉదాహరణ. ఒరాకిల్ తీసుకోండి, అసలు పరీక్ష అక్కడే. 2024 మేతో ముగిసిన ఏడాదికి అప్పు సుమారు 8,690 కోట్ల డాలర్లు, ఎబిటా సుమారు 2,150 కోట్లు. నాలుగు రెట్లు! 2022లో ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ కంపెనీ సెర్నర్‌ను సుమారు 2,800 కోట్లకు కొన్న భారం అందులో ఉంది.

నన్ను కలవరపెట్టేది ఆ నాలుగు కాదు, భాగహారంలో కింద ఉన్న ఎబిటా. తరుగుదలను కలిపేసుకుంటున్నాం సరే, డేటా కేంద్రంలోని సర్వర్లు నిజంగానే పాతబడతాయి, కొన్నేళ్లకు మళ్లీ కొనాలి. ఆ ఖర్చు ఎబిటాకు తెలియదు. ఒరాకిల్‌కే 2025 మేతో ముగిసిన ఏడాదిలో కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు సుమారు 2,080 కోట్లు, యంత్రాలు, భవనాలపై పెట్టిన పెట్టుబడి సుమారు 2,120 కోట్లు. వచ్చిందంతా అక్కడికే పోయింది, అప్పు అసలు సొమ్ము తీర్చడానికి మిగిలింది ఏమీ లేదు. అందుకే నేను ఎబిటా పక్కన ఈ నగదు లెక్క కూడా రాసుకోకుండా ఏ కంపెనీనీ చూడను.

పట్టీల చదువరి:
లీజులు కూడా చూడాలి. అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల్లో మామూలు లీజు అద్దె ఎబిటా రాకముందే ఖర్చుగా పోతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో అదే అద్దె తరుగుదల, వడ్డీగా విడిపోయి ఎబిటా పెరుగుతుంది. రెండు రకాల కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చి నేనొకసారి తప్పుడు నిర్ణయానికి వచ్చాను.

కొత్త మదుపరి:
ఒరాకిల్ 2024 వార్షిక నివేదికలో ఏ ఏడాది ఎంత అప్పు తీర్చాలో చెప్పే పట్టిక ఇప్పుడే తెరిచాను. మొదటి వరుసలోనే 1,000 కోట్లకు పైగా ఉంది. దాన్ని ఆ ఏడాది నగదు ప్రవాహం పక్కన రాసుకుంటున్నాను. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, బాండ్ల మనిషి గారు ఒకసారి సరిచూడండి.