పెట్టల గుడ్లు పట్టుకుంటేనే పగిలిపోతున్నాయి, ఏం చేయాలి?

కోళ్లు పెంచేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. మేం చెన్నై పెరంబూర్‌లో ఉంటాం, మిద్దె మీద నాలుగు పెట్టలున్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి గుడ్ల పెంకు మరీ పల్చగా వస్తోంది, ఒక్కోసారి పెంకే లేకుండా తోలుగుడ్డు పెడుతున్నాయి. వేసేది లేయర్ మేతే (గుడ్లు పెట్టే కోళ్ల దాణా), అందులో కాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది కదా, మరి ఎందుకిలా? వేడికి రొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు సరిగ్గా కట్టదంటారు, పైగా మేత కూడా సగమే తింటున్నాయి పాపం, చూస్తుంటే బాధేస్తోంది. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కాబట్టి షెల్ గ్రిట్ (కాల్షియం కోసం వేసే ఆల్చిప్పల నూక) సాయంత్రం విడిగా గిన్నెలో పెడదామనుకుంటున్నా, మెత్తటి పొడి కంటే పలుకులే మేలా? ముసలి పెట్టకైతే వయసనుకోవచ్చు, ఈమధ్యే గుడ్లకొచ్చిన దానికీ ఇదే. జబ్బేమో అనుకుందామంటే తుమ్ములు, గురక ఏం లేవు. నీళ్లలో వంటసోడా కలపొచ్చా, ఎంత కలపాలి? లేదంటే వేపేరి వెటర్నరీ కాలేజీలో చూపించేదా?