అప్‌డేట్: ఫై బీటా కప్పా పాత రికార్డులు ఉన్నాయి

మా అమ్మాయికి అమెరికాలోని ఫై బీటా కప్పా అనే విద్యార్థి సంఘం నుంచి ఆహ్వానం వచ్చింది, దాని చరిత్రేమిటి, మొదటి రికార్డులు మిగిలాయా అని అడిగాను కదా. మిగిలాయండీ! 1776 డిసెంబర్ 5న వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు పెట్టుకున్న రహస్య సంఘం ఇది. వాళ్ల మినిట్స్ (సమావేశాల్లో రాసుకున్న రికార్డులు) ఇప్పటికీ ఆ కాలేజీ లైబ్రరీలోనే ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న 1781 జనవరిలో బ్రిటిష్ సైన్యం వచ్చిపడుతుందన్న టెన్షన్‌లో, కాగితాలకు సీలు వేసి కాలేజీ స్టివార్డుకు (అక్కడి వసతులు చూసే ఉద్యోగికి) అప్పగించాలని తీర్మానించారు. అంత హడావుడిలోనూ ఆ తీర్మానాన్ని మినిట్స్‌లో ఎక్కించే వెళ్లారు, చూడండి! అప్పటికే యేల్, హార్వర్డ్‌లలో శాఖలు పెట్టుకోవడానికి చార్టర్లు (అనుమతి పత్రాలు) ఇచ్చి ఉండటంతో సంఘం అక్కడ బతికింది. ఇప్పుడది విందు పార్టీలు చేసుకునే ఫ్రాటర్నిటీ (కాలేజీ కుర్రాళ్ల క్లబ్బు) కాదు, చదువులో ముందున్నవాళ్ల గౌరవ సంఘం. అమ్మాయి చేరుతోంది.