మూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, అత్తమ్మ: అందరితో వాటర్ పార్క్ అంటే జలవిహారా, వండర్‌లానా?

చందానగర్_అమ్మ

సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి మా బాబు వాటర్ పార్క్ అంటూ ఒకటే గోల. వాడికి వండర్‌లాకే వెళ్లాలని ఉంది, మావారేమో అంత దూరం ఎందుకు, నెక్లెస్ రోడ్డులో జలవిహార్ ఉందిగా అంటారు. పాపకి మూడేళ్లు, అత్తమ్మకి అరవై దాటాయి, బీపీ మాత్రలు వేసుకుంటారు, నీళ్లలోకి దిగరు కానీ ఇంట్లో ఒక్కరే ఉండలేక వస్తానంటున్నారు. నేనెప్పుడూ ఇలాంటి చోటుకి వెళ్లలేదు, ఏ బట్టలు వేసుకోవాలో కూడా తెలీదు. చుడీదార్‌తో దిగనిస్తారా? పులిహోర కలుపుకుని వెళ్దామని అత్తమ్మ ప్లాన్.

ఔటర్_రింగ్_బాబాయ్

బాబు ఒక్కడి సంగతైతే వండర్‌లానే అనేవాణ్ణి. 2016లో రావిర్యాల దగ్గర పెట్టినప్పటి నుంచి మా పిల్లలకి అదే ప్రపంచం. కానీ అక్కడ సగం మజా పెద్ద రైడ్స్‌లో ఉంది, రికాయిల్ అనే రోలర్ కోస్టర్ లాంటివాటికి ఎత్తు కొలిచి గానీ ఎక్కనివ్వరు, మీవాడు ఓ రెండు అంగుళాలు తగ్గితే క్యూ చివర్లో ఏడుపు చూడాల్సింది మీరే. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి, వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. పైగా పార్క్ పెద్దది, నడక ఎక్కువ, అత్తమ్మగారికి మే నెల ఎండలో కష్టం. ఈసారికి జలవిహార్ చాలు. చందానగర్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోండి, పార్కింగ్ తలనొప్పి కూడా ఉండదు.

పులిహోర మాత్రం మర్చిపోండి 😄 బయటి తిండి గేటు దగ్గరే ఆపేస్తారు. దారిలోనే తినేసి వెళ్లండి.

మియాపూర్_అక్క

బట్టల సంగతి నేను చెప్తా, దీని గురించి మగవాళ్లు ఎవరూ సరిగా చెప్పరు. చుడీదార్, జీన్స్, కాటన్ టీషర్ట్ ఏవీ వద్దు. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, చున్నీ స్లైడ్‌లో ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం, దారపు పోగులు ఊడి ఫిల్టర్‌లోకి పోతాయని కూడా ఒప్పుకోరు. నైలాన్‌వి ఫుల్ హ్యాండ్స్, మోకాళ్ల దాకా లేదా చీలమండల దాకా ఉండే స్విమ్ సూట్లు దొరుకుతాయి, అవి కొనుక్కో. నిండుగా ఉంటాయి, ఎండకి ఒళ్లు కమిలిపోదు కూడా. అక్కడ అద్దెకిచ్చేవి వేసుకోవడం నాకైతే ఇష్టం ఉండదు. జుట్టుకి కొబ్బరినూనె బాగా పట్టించి జడ వేసేయ్. పిల్లలకి రబ్బరు చెప్పులు తప్పనిసరి, మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ సిమెంటు నేల మీద అడుగు వెయ్యలేరు.

పూల్_కుర్రాడు

అపార్ట్‌మెంట్లలో పూల్ మెయింటెనెన్స్ నా పని, అందుకని ఒక్క మాట. వాసన గుప్పున కొడితే క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు శుభ్రం అనుకుంటారు జనం. నిజానికి చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమైన్ల వాసన అది, కళ్లు ఎర్రబడేది కూడా ఎక్కువగా వాటివల్లే. ఎండకి నీళ్లలో క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది, జనం పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది, అందుకే గేట్లు తీయగానే వెళ్లడం మేలు, అదీ ఆదివారం కాకుండా. దిగే ముందు షవర్ కింద ఒళ్లంతా తడుపుకోండి. పాపకి మామూలు డైపర్ వేస్తే నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది, స్విమ్ డైపర్ అని విడిగా ఉంటుంది. అదైనా మూత్రాన్ని ఆపదు, కాబట్టి మధ్యమధ్యలో బయటికి తీసుకెళ్లండి. ఎవరికైనా విరేచనాలు అవుతుంటే మాత్రం ప్రోగ్రామ్ వాయిదా వేసుకోండి ప్లీజ్, కొన్ని క్రిములు క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతుకుతాయి.

చందానగర్_అమ్మ

అందరికీ థాంక్స్. బాబుని కొలిచాం, అలిగాడు, జలవిహార్‌కే ఒప్పుకున్నాడు. అత్తమ్మకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్తే సరిపోతుందా?

మియాపూర్_అక్క

బీపీ ఉన్నవాళ్లకి ఊరికే ఓఆర్ఎస్ తాగించకు, అందులో ఉప్పు ఉంటుంది. డాక్టర్‌ని ఒకసారి అడుగు. మూత్రం ఎక్కువయ్యే రకం బీపీ మాత్రలైతే ఎండలో ఇంకా జాగ్రత్త, ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది. ఆవిడకి నీడలో కుర్చీ చూసిపెట్టి, ఎవరో ఒకరు వంతులవారీగా పక్కన కూర్చోండి. సామాను కాపలాకి ఆవిడని పెట్టి అందరూ నీళ్లలోకి పోవద్దు, లాకర్ తీసుకోండి. నీళ్లలో ఉన్నప్పుడు మనకీ చెమట తెలీదు, దాహం వెయ్యదు, పిల్లలు అస్సలు అడగరు, మీరే పిలిచి తాగించాలి.

ఔటర్_రింగ్_బాబాయ్

వేవ్ పూల్‌లో అలలు మొదలవుతాయని సైరన్ మోగగానే అందరూ లోతు వైపు పరిగెత్తుతారు. మీవాడు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి, ట్యూబ్ ఉంది కదా అని వదిలెయ్యొద్దు, అల కొడితే అది ఒకవైపు, పిల్లాడు ఒకవైపు. పాపకి పిల్లల పూల్ చాలు. ఒంటిగంటకల్లా బయటపడేలా చూసుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, మూడు దాకా ఉంటే పాప ఏడుపు, అత్తమ్మగారి నీరసం రెండూ మీ మీదే పడతాయి. బాబు ఇంకో గంట అంటాడు, అది మాత్రం ఖాయం.