స్లేవ్ సిలిండర్ మార్చాక క్లచ్ పెడల్ పైకి రావడం లేదు

ప్రశ్న (కావలి):
అందరికీ నమస్కారం. మా తొమ్మిదేళ్ల కారులో స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే భాగం) కారుతుంటే, అది గేర్‌బాక్స్ బయటే ఉంటుంది కనుక, పోయిన ఆదివారం కొత్తది నేనే బిగించాను. అప్పటి నుంచి పెడల్ తొక్కితే అడుగునే ఉండిపోతోంది. చేత్తో లేపి నాలుగైదుసార్లు గబగబా తొక్కితే ఫస్ట్ గేరు పడుతుంది గానీ, రివర్స్ వేస్తే గరగరమంటుంది. మా బావమరిది పెడల్ తొక్కుతుంటే నేను దాని మీది నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) విప్పుతూ రెండు గంటలు గాలి తీశాను, అయినా బుడగలు ఆగలేదు. క్లచ్ ప్లేటు అరిగింది, గేర్‌బాక్స్ దించాలని ఇక్కడి మెకానిక్ ఒకాయన అంటున్నారు. నిజమేనా?

జవాబు (నెల్లూరు):
దయచేసి గేర్‌బాక్స్ దించనివ్వకండి. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది, అంటే ఇంజను రొద పెరిగినా బండి వేగం అందుకోదు. పెడల్ ఇలా అడుగున ఉండిపోదు. మీ లైనులో ఇంకా గాలి ఉంది. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది కాబట్టి, మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలకే సరిపోతోంది. పెడల్ తొక్కిపట్టాకే నిపుల్ పావు చుట్టు వదులు చేయాలి, అది అడుగున ఉండగానే బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. ఈ వరస ఒక్కసారి తప్పినా బయటి గాలి లోపలికి వెళుతుంది.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే ఆయిల్ డబ్బా ఉన్న కార్లలో క్లచ్ గొట్టం డబ్బా పక్కన కాస్త ఎత్తులో ఉంటుంది. ఆయిల్ ఆ గొట్టం కంటే కిందికి దిగితే బ్రేకు మామూలుగానే పడుతుంది, క్లచ్ మాత్రం గాలి పీలుస్తుంది.

జవాబు (ఒంగోలు):
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. గాలి సహజంగా పైకే పోతుంది కనుక, నిపుల్‌కు సన్నని గొట్టం తొడిగి, పెద్ద సిరంజితో కింది నుంచే ఆయిల్‌ను మెల్లగా ఎక్కించండి. డబ్బా పొంగకుండా ముందే కొంత తీసేయండి. స్లేవ్ సిలిండర్ పాతదైతే ఈ పద్ధతి చెప్పేవాణ్ని కాను, ఎందుకంటే దానిలోని మురికి బ్రేకు డబ్బాలోకి చేరుతుంది. సీలు తీయని డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ డబ్బానే వాడండి, ఎందుకంటే మూత తెరిచి ఉంచిన ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడని ఆయిల్‌కు, తడి చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. డబ్బాలో సగం ఉంది కదా అని నేను మధ్యలో నింపలేదు, గొట్టం మొదలు అప్పటికే పైకి తేలి ఉంది. ఈ రోజు సిరంజితో ఎక్కించాను. మూడోసారికి డబ్బాలో శనగగింజంత బుడగలు వరసగా లేచి ఆగిపోయాయి, పెడల్ సగం దూరంలోనే గట్టిపడింది, రివర్స్ చప్పుడు లేకుండా పడింది.

జవాబు (ఒంగోలు):
సంతోషం. వారం తర్వాత పెడల్ మళ్లీ మెత్తబడితే, పెడల్ కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైనులోకి నెట్టే భాగం) వెళ్లే చోట వేలుపెట్టి తడిమి చూడండి. తడి తగిలితే పై సీలు కూడా పోయినట్టే.