కిండర్ మీద ఫెల్ రేస్: పీట్‌కి అడ్డంపడి పోవాలా, అంచు దారి పట్టాలా?

గట్టుదారి:
ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ కొండ రేసుల (ఫెల్ రేసుల) గురించి ఎప్పటికీ తెగని వాదన ఇది. చెక్‌పాయింట్ల మధ్య దారి ఎంపిక మనకే వదిలేశారనుకోండి. ఈడేల్ నుంచి గ్రైండ్స్‌బ్రూక్ వాగు వెంట కిండర్ స్కౌట్ (636 మీ.) పీఠభూమి ఎక్కాం, తర్వాతి చెక్‌పాయింట్ కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం. మ్యాప్ మీద నేరుగా గీస్తే మూడు కిలోమీటర్ల లోపే. క్రౌడెన్ టవర్, పిమ్ చెయిర్, ‘కిండర్ లో’ అనే చోట్ల మీదుగా పీఠభూమి అంచు పట్టుకుని పోతే ఐదు దాటుతుంది. నేల గడ్డకట్టిన రోజో, ఎండలకి పీట్ (సగం కుళ్లిన నాచు, మొక్కలతో ఏర్పడిన మెత్తటి నల్లనేల) బాగా ఎండిన రోజో తప్ప అంచే నయమని నా వాదన. కాదనేవాళ్లు లెక్క చూపించండి.

నేరుబాట:
లెక్కే కదా, చూపిస్తాను. అంచు మీద 5.2 కి.మీ., కిలోమీటరుకి 5 నిమిషాలు వేసుకున్నా 26 నిమిషాలు. అడ్డంగా 2.8 కి.మీ., కిలోమీటరుకి 8 నిమిషాల నత్తనడక వేసుకున్నా 22న్నర లోపే. అడ్డదారిలో మన వేగం కిలోమీటరుకి 9 నిమిషాలకంటే బాగా పడిపోతే తప్ప అంచు గెలవదు. పైగా అంచు దారేమీ సాఫీ రోడ్డు కాదు. పిమ్ చెయిర్ చుట్టుపక్కల గ్రిట్‌స్టోన్ (గరుకు ఇసుకరాయి) బండల మధ్య వంకర్లు తిరగాల్సిందే.

గట్టుదారి:
మీ లెక్కలో గ్రఫ్‌లు లేవు. పీట్‌ని నీళ్లు కోసి చేసిన ఆ కందకాలే ఇక్కడ అసలు కష్టం. ఒక్కోటి 3 మీటర్ల లోతు, దారిలో 40 తగిలాయనుకుందాం. దిగి ఎక్కడం 40 సార్లు, అంటే 120 మీటర్ల ఎక్కుడు. ఒక మీటరు ఎక్కుడు ఎనిమిది మీటర్ల చదును పరుగుతో సమానమని నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నుంచి వస్తుంది. కొండ రేసుల్లో ఇప్పటికీ అదే వాడతారు. అంటే ఇంకో 960 మీటర్లు కలిసి 3.76 కి.మీ. అయింది. గట్టి నేల మీదైతే 19 నిమిషాలు. నేల మెత్తదనం ఇంకో ఏడు నిమిషాలు తిన్నదంటే లాభం మొత్తం పోయినట్టే. వారమంతా వాన పడ్డాక గ్రఫ్ గోడలు జారుడుగా ఉంటాయి, ఒక్కో గోడ దగ్గర రెండు మూడుసార్లు వెనక్కి జారతాం. ఏడు నిమిషాలు ఎంతసేపు?

ఎర్రముల్లు:
ఇద్దరూ రెండు కొసలు పట్టుకున్నారు. మధ్యలో ఇంకో దారి ఉంది. పీఠభూమి నడుమ కిండర్ నది పుట్టి, పడమరకి పారి డౌన్‌ఫాల్ దగ్గరే కిందికి దూకుతుంది. దాని అడుగు చాలా చోట్ల ఇసుక, రాయి; చీలమండ లోతు నీళ్లలో హాయిగా పరుగెత్తొచ్చు. కాబట్టి బేరింగ్ (కంపాస్ మీద పెట్టుకునే దిశ) నేరుగా డౌన్‌ఫాల్‌కి పెట్టకండి. కొద్దిగా కుడికి, అంటే నది ఎగువకి పెట్టండి. నది తగలగానే ఎడమకి తిరిగి నీళ్ల వెంట పోవడమే. ఐదు డిగ్రీలు తప్పితే రెండున్నర కిలోమీటర్లకి 220 మీటర్లు పక్కకి పోతాం. నది అడ్డంగా ఉంది కాబట్టి ఆ తప్పు మనల్ని ముంచదు.

పొగమంచు కమ్మినప్పుడు గ్రఫ్‌లోకి దిగిన ప్రతిసారీ దాని వంపుతో పాటే మనమూ తెలియకుండా తిరిగిపోతాం. పైకి రాగానే కంపాస్ ముల్లు చూడాలి, ఆ తర్వాతే అడుగు వేయాలి. అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరం కొలవడం ఇక్కడ పనిచేయదు, అడుగు పొడవు నేలని బట్టి మారిపోతుంది. నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి: ఈ గీత మీద నీటి విభజన దాటకముందు ఈడేల్ వైపు, దాటాక నది వైపు.

నేరుబాట:
దీనికి ఒప్పుకుంటాను. నేల చదవడం కూడా కలపండి. హెదర్, బిల్‌బెర్రీ పొదలున్నచోట కాలు నిలుస్తుంది. తెల్ల దూది కుచ్చుల కాటన్‌గ్రాస్ కనిపిస్తే తడి, అయినా దుబ్బు మొదట్లో అడుగు పెట్టి దాటొచ్చు. నిగనిగలాడే లేతాకుపచ్చ స్ఫాగ్నమ్ నాచు పరుచుకుంటే మాత్రం పక్కకి తప్పుకోండి, కింద నీళ్లే. పల్చటి మంచుపెంకు కట్టిన బురద అన్నిటికంటే చెడ్డది: బరువు ఆపదు, విరిగిన అంచు పిక్కల్ని కోస్తుంది.

బూట్లకి 8 మి.మీ. స్టడ్లు దూరదూరంగా ఉండాలి, దగ్గరగా ఉంటే పీట్ మధ్యలో ఇరుక్కుని అడుగు నున్నగా అయిపోతుంది. వాటర్‌ప్రూఫ్ లైనింగ్ ఉన్నవి వద్దు, లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోవు. మడమ బిగువుగా ఉండాలి, లేసు రెండు ముళ్లు వేసి కొసలు లోపలికి దోపాలి. లేకపోతే బూటు బురదకే.

చెక్‌పాయింట్ కాపలా:
అడ్డదారి నిమిషాలు లెక్కపెట్టేవాళ్లు ఆగిపోతే ఏమవుతుందో కూడా లెక్కపెట్టాలి. తొడదాకా దిగబడితే కాలు నిలువుగా లాగకండి, పీల్చుడు పెరుగుతుంది. ముందుకి వాలి, ఛాతీ, చేతులు పరిచి, రెండో మోకాలు పైన ఆనించి, దిగిన కాలిని మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తీయాలి. ఈలోపు తడి బట్టల మీద గాలి తన పని తను చేస్తుంది. అందుకే జాకెట్ గ్రైండ్స్‌బ్రూక్ వాగు పైకొసలో, గాలి తగలకముందే వేసుకోవాలి. వేళ్లు మొద్దుబారాక జిప్పు పట్టుకోవడం కూడా రాదు. కుట్లకి టేపు, కుదురుగా టోపీ ఉన్న పైతొడుగు, వాన ప్యాంటు, గ్లవ్స్, మ్యాప్, కంపాస్, విజిల్, అత్యవసర తిండి బరువని వదిలేసి వచ్చేవాళ్లని స్టార్ట్ దగ్గరే ఆపేయడం న్యాయం.

నాచుమొక్క:
నిమిషాల కన్నా పెద్ద విషయం ఒకటి ఎవరూ ఎత్తలేదు. 1965లో పెన్నైన్ వే అనే దూరపు నడకదారి తెరిచినప్పుడు దాని ప్రధాన దారి సరిగ్గా ఈ అడ్డదారే, గ్రైండ్స్‌బ్రూక్ నుంచి డౌన్‌ఫాల్‌కి. నడిచేవాళ్ల కాళ్లకి పీట్ చిరిగిపోయిందని తర్వాత జేకబ్స్ ల్యాడర్ అనే ఎక్కుడు దారి వైపు మార్చేశారు. ఫ్యాక్టరీల పొగ పొట్టనపెట్టుకున్న స్ఫాగ్నమ్‌ని ఇప్పుడు చేత్తో నాటుతున్నారు. గ్రఫ్‌లలో రాళ్లతో, కర్రలతో అడ్డుకట్టలు కట్టి నీళ్లు నిలబెడుతున్నారు. ఎర్రముల్లు గారూ, గ్రఫ్ అడుగున పరుగెత్తే పాత లెక్కలు ఆ కట్టలున్నచోట చెల్లవు. కట్ట వెనక మడుగుంటుంది, లోతు పైనుంచి తెలియదు. కట్ట మీద కాలు పెడితే అది జారిపోతుంది కూడా.

2009 నుంచి ఇది జాతీయ ప్రకృతి రిజర్వు, భూమి నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థది. వందల మంది ఒకే గీత మీద స్టడ్లతో పోతే అది కొత్త గ్రఫ్‌కి మొదలు. నిర్వాహకులు ‘కిండర్ లో’ దగ్గర ఇంకో చెక్‌పాయింట్ పెడితే అందరూ అంచు దారికే వస్తారు.

నేరుబాట:
అలా పెడితే దారి వెతికే నైపుణ్యం పోయి కాళ్ల బలమే మిగులుతుంది. ఫెల్ రేస్ అంటే అది కాదు. యాభై మందికే పరిమితం చేసి, మార్చి నుంచి జూలై దాకా నేల మీద గూడు పెట్టే పక్షుల కాలం వదిలేసి, అడ్డదారి తెరిచి ఉంచొచ్చు కదా?

నాచుమొక్క:
పక్షుల కాలం వదిలేస్తే మిగిలేది ఎక్కువగా తడి నెలలే, పీట్ అన్నిటికంటే తేలిగ్గా తెగేది అప్పుడే. యాభై మందైతే నాకు అభ్యంతరం లేదు, కానీ కట్టలు ఎక్కడున్నాయో రేస్ మ్యాప్‌లో గుర్తించి, వాటి చుట్టూ ప్రవేశం లేని గీత గీసి ఇవ్వాలి. అది దాటినవాళ్లకి అనర్హత.

ఎర్రముల్లు:
ఆ గీతలుంటే నది అడుగు దారి కూడా కొన్నిచోట్ల మూసుకుపోతుంది. అప్పుడు గట్టుదారి గారి 26 నిమిషాల అంచు దారే చాలామందికి వేగమైన దారి అవుతుంది, ఎవరూ బలవంతపెట్టకుండానే.